మూడో ఏడాది వంతెన

కొండల మధ్య ఉన్న తాల్దీ-కెచూ అనే ఊళ్లో ఒక పని ఎప్పటికీ కాదని చెప్పాలంటే "మూడో ఏడాదిలో" అంటారు. పెళ్లెప్పుడని నలభై దాటిన బ్రహ్మచారిని అడిగితే మూడో ఏడాదిలో అంటాడు. తీసుకెళ్లిన గుర్రపు జీను ఎప్పుడు తిరిగిస్తావని అడిగినా అదే జవాబు. ఆ మాట ఊరికి గ్రామ కార్యాలయం నుంచి వచ్చింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, జూరాకాన్ బల్ల మీది నుంచి వచ్చింది.

జూరాకాన్ ఆ కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా ప్రణాళికలు రాస్తోంది. మూడేళ్లకొక ప్రణాళిక. ఒక్కో పనికీ ఎదురుగా మూడు గడులుంటాయి, ఏడాదికొకటి. మొదటి గడిలో రాసింది జరుగుతుంది. జీతాలు, బడి పొయ్యిలకు బొగ్గు, వీధి దీపాలు పోగా మిగిలేది ఏటా ఒక్క పనికి సరిపోతుంది కాబట్టి ఆ ఒక్క పనీ అందులో రాస్తారు. రెండో గడిలోది పైనుంచి సాయం అందితే జరుగుతుంది. మూడో గడి కోరికలది. అది వచ్చేలోగా కొత్త ప్రణాళిక రాసే రోజు వస్తుంది. అప్పుడు మూడో గడిలో మిగిలిపోయినవన్నీ కొత్త కాగితంలో మళ్లీ మూడో గడిలోకే చేరతాయి.

"కిజిల్-జార్ వాడకు ఏటి మీద నడక వంతెన" అన్న వాక్యం అలా పన్నెండేళ్లుగా, నాలుగు ప్రణాళికలు దాటి వచ్చింది. మొదటిసారే గ్రామ మండలి సభ్యులు దాన్ని కొట్టేయబోయారు. ఎప్పటికీ కట్టలేని దాన్ని రాయడం దేనికన్నారు. జూరాకాన్ వాళ్లతో పోట్లాడి మూడో గడిలో ఉంచింది. కాగితం మీద ఉంటే ఏదో ఒకనాటికి అవుతుందని, కొట్టేస్తే జనం కూడా మరిచిపోతారని ఆమె నమ్మకం.

కిజిల్-జార్ ఏటికి అవతల ఉంది. ముప్పై ఎనిమిది ఇళ్లు. పొలాలన్నీ ప్రభుత్వ సమష్టి సాగులో ఉన్న రోజుల్లో పనివాళ్ల కోసం రెండు ఇనుప తాళ్లు కట్టి, వాటిమీద పలకలు పరిచారు. అప్పటినుంచీ అదే దారి. అది కాదంటే ఎగువన ఉన్న లారీల వంతెన చుట్టూ తిరిగి పద్నాలుగు కిలోమీటర్లు రావాలి. పోయిన జూన్‌లో, మంచు కరిగి ఏరు పొంగుతున్నప్పుడు, ఆ పలకల్లో ఒకటి మెడెర్ కాళ్లకింద విరిగింది. మెడెర్ ఊరి పశువైద్యుడు. జూరాకాన్‌కు ఒక్కడే తమ్ముడు. గొర్రెలకు సూదులు వేయడం ముగించుకుని, కిజిల్-జార్‌లోని తన ఇంటికి తిరిగి వెళ్తున్నాడు. నాలుగో రోజున, ఇరవై కిలోమీటర్ల దిగువన, పుచ్చతోటలకు నీళ్లు మళ్లించేవాళ్లు అతని శవాన్ని చూశారు. మందుల పెట్టె భుజానికే ఉంది.

మెడెర్ ఏటా కార్యాలయం కిటికీ దగ్గర ఆగి, "అక్కా, నా వంతెన ఎలా ఉంది? ఏమైనా ఎదిగిందా?" అని అడిగేవాడు.

"పాలపళ్లొస్తున్నాయి," అనేది ఆమె.

ఇప్పుడు ఏప్రిల్. ఐదో ప్రణాళిక రాయాలి. గ్రామాధ్యక్షుడు కాసిమాలి ఆమె గదిలోకి వచ్చి, నిలబడే కాగితం చదివాడు. అతను ఆమె కంటే ఆరేళ్లు చిన్నవాడు. చిన్నప్పుడు మెడెర్‌తో కలిసి వీళ్ల వాకిట్లోనే ఆడుకునేవాడు.

"అక్కా, వంతెన మొదటి గడిలో ఉందేంటి?"

"అక్కడే ఉండనీ."

"అక్కడ బడి పైకప్పు ఉండాలి కదా."

"తెలుసు. అది రాసిందీ నేనే."

కాసిమాలి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. "ఇటు నాలుగొందల ఇళ్లక్కా, అటు ముప్పై ఎనిమిది. పిల్లల నెత్తిమీద నీళ్లు కారుతున్నాయి. చేతులెత్తమంటే ఎవరు ఎటు ఎత్తుతారో నీకు చెప్పాలా? నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? మా గుర్రం ఈనలేక కొట్టుకుంటుంటే చెయ్యి పెట్టి పిల్లని తీసినవాడు మెడెర్."

"నాకు తెలుసు."

"జిల్లాకి వెళ్లు. విపత్తు పనుల విభాగం వాళ్ల దగ్గర వేరే డబ్బుంటుంది. మనిషి పోయాడని చెప్పు."

"ఆ మాట నేను చెప్పాలా?"

"నువ్వు కాక ఇంకెవరు చెప్తారక్కా?"

మర్నాడు పొద్దున్నే ఆమె వ్యానెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లింది. ఆ విభాగంలో బక్తియార్ అనే ముప్పై ఏళ్ల ఉద్యోగి ఉన్నాడు. ఊరి పేరు వినగానే లేచి, ఆమెకు టీ పోసి, బీరువాలోంచి ఒక దస్త్రం తీశాడు. అతనికి వెతకాల్సిన పని పడలేదు.

"మీ వంతెన మాకు తెలుసక్కా. మూడేళ్ల కిందటి శరత్కాలంలో మా ఇంజనీర్లు వచ్చి చూశారు. ప్రమాదకరమని రాశారు. ఆ ఏడాది జాబితాలో ఏడో నంబరు మీదే."

"ఎప్పుడు?" అంది జూరాకాన్. అతను తేదీ చూపించాడు. మెడెర్ అప్పుడు బతికి ఉన్నాడు. ఆ ఇంజనీర్లకు గుర్రాల మీద జీనులు కట్టిచ్చింది కూడా అతనే అని ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చింది.

"మరి?"

బక్తియార్ కాగితం తిప్పి ఆమె వైపు జరిపాడు. ఏడో వరుస మీద గీత కొట్టి ఉంది. పక్కన రాసి ఉంది: స్థానిక ప్రణాళికలో చేర్చబడింది. ఒకే పనికి రెండు చోట్ల నిధులు కేటాయించరాదు.

"మీ ఊళ్లో మీరే కట్టుకుంటున్నారని మావాళ్లు అనుకున్నారు," అన్నాడతను. "నియమం అలాగే ఉంది. ఊరి ప్రణాళికలో ఉన్న పని మేము ముట్టుకోకూడదు."

"మూడో ఏడాదిలో కదా ఉంది."

"ఏ ఏడాదైనా ఉన్నట్టే లెక్కక్కా. మూడో ఏడాదంటే మీకేంటో మాకు ఎలా తెలుస్తుంది?"

ఆ కాగితం వెనక మరో కాగితం గుచ్చి ఉంది. ప్రణాళిక పదకొండో పేజీ నకలు. జూరాకాన్ సంతకం, దానిమీద వంకర లేకుండా కొట్టిన ముద్ర. ఆ శరత్కాలంలో జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది, ఈ పని మీ ప్రణాళికలో ఉందా తెలపండి అని. ఉందని చెప్పుకోవడానికి ఆమె ఆనాడు ఎంత సంతోషపడిందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఊరు ఎప్పటినుంచో అడుగుతోందనడానికి అది సాక్ష్యమవుతుందనుకుంది. అదే రోజు పంపింది.

"ఆరో నంబరు?"

"కట్టారు."

"ఎనిమిది?"

"అదీ కట్టారు. మీరు వచ్చిన దారిలోనే, గోధుమ మిల్లు దాటాక."

పొద్దున వ్యాను దానిమీదుగానే వచ్చింది. కొత్త కమ్మీలకు పచ్చరంగు వేశారని ఆమె గమనించింది కూడా.

టీ చల్లారిపోయింది. బక్తియార్ ఇంకో పియాలా పోయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఏం చేయాలో చెప్పమంది. అతను చెప్పాడు. ఊరి సభలో అందరిముందూ ఓటు పెట్టి ఆ పనిని ప్రణాళికలోంచి తీసేయాలి, మినిట్స్ పంపాలి. పాత వంతెనను ప్రమాదకరమని ప్రకటించి, రెండువైపులా మూసేసి, ఫొటో జతచేయాలి. మే ఒకటిలోగా అందాలి.

"అప్పుడు కడతారా?"

బక్తియార్ దస్త్రం మూశాడు. "జిల్లాలో అలాంటివి అరవై ఉన్నాయి. డబ్బు తొమ్మిదింటికొస్తుంది. నేను మాటివ్వలేనక్కా."

తిరిగి వచ్చాక ఆమె కాసిమాలికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను లేచి తలుపు మూశాడు.

"నీకు మతి పోయిందా? మెడెర్ పోయాక విచారణకొచ్చినవాళ్లు మనల్ని ఎందుకు వదిలేశారో మరిచిపోయావా? వంతెన ప్రణాళికలో ఉంది, ఊరు నిర్లక్ష్యం చేయలేదు అని రాసుకుని వెళ్లారు. ఆ పేజీయే మనల్ని కాపాడింది. ఇప్పుడు మనిషి చచ్చిన వంతెనని మన చేత్తో మనమే తీసేస్తే ఎవడైనా ఏమంటాడు?"

"ఏమన్నా అననీ."

"నన్నంటారక్కా. నిన్ను కాదు."

"నన్నే అంటారు. సంతకం నాది."

కాసిమాలి కిటికీ వైపు తిరిగాడు. "సభలో ఆ మాట నేను చదవను," అన్నాడు చివరికి. "నువ్వే చదువుకో. నేను ఆపను, అంతే."

ఆదివారం సభ బడి హాల్లో జరిగింది. పైకప్పు కారే చోట రెండు బకెట్లు పెట్టారు. అప్పుడప్పుడు చుక్క పడిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముందు బల్ల మీద పెద్దలు, వాళ్ల మధ్యలో ఎనభై ఒక్కేళ్ల ఒముర్జాక్ తాత. కిజిల్-జార్ వాళ్లు అంతమంది ఒకేసారి పలకల మీద రాలేక, చుట్టూ తిరిగి లారీలో వచ్చి, ఆలస్యంగా వెనక నిలబడ్డారు. మెడెర్ భార్య సైరాగుల్ నల్ల రుమాలు కట్టుకుని గోడవారన ఉంది. జూరాకాన్ ముందుగానే ఆమెకు చెప్పాలనుకుంది. కానీ జూన్ తర్వాత తను ఏటివైపు వెళ్లలేదు. ఫోన్లో చెప్పే మాట కాదు.

కాసిమాలి ప్రణాళిక చదివాడు. మొదటి ఏడాది బడి పైకప్పు అన్నాడు. చేతులు లేచాయి. రెండో ఏడాది బోరు మోటారు అన్నాడు. మళ్లీ లేచాయి. మూడో ఏడాది అనగానే హాల్లో నవ్వులు మొదలయ్యాయి. ఎవరో, "అది చదవక్కర్లేదు, మాకు కంఠతా వచ్చు," అన్నారు. కాసిమాలి జూరాకాన్ వైపు చూడకుండా కాగితం మడిచాడు. ఇక అయిపోయిందనుకుని ఒముర్జాక్ తాత దీవెన ఇవ్వడానికి అరచేతులు పైకెత్తాడు. ఆ చేతులు ముఖం మీదుగా కిందికి దిగితే సభ ముగిసినట్టే. ఆ తర్వాత ఎవరేం మాట్లాడినా అది సభలో మాట కాదు, రాసుకోరు.

"తాతా, చేతులు దించకండి!"

హాలంతా వెనక్కి, జూరాకాన్ వైపు తిరిగింది. పెద్దమనిషి చేతులెత్తాక మాట్లాడటం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఒముర్జాక్ తాత బిత్తరపోయి, ఎత్తిన చేతులు అలాగే ఉంచాడు.

"ఏం పిల్లా, ఇల్లేమైనా తగలబడుతోందా?" అన్నాడు పక్కన కూర్చున్న ముసలాయన.

జూరాకాన్ ముందుకు వచ్చింది. "వంతెనని ప్రణాళికలోంచి తీసేయమని అడుగుతున్నాను. పూర్తిగా. మూడో ఏడాదిలోంచి కూడా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనకనుంచి జపార్ అనే కిజిల్-జార్ గొర్రెల కాపరి గట్టిగా నవ్వాడు.

"బాగుంది! పన్నెండేళ్లు కాగితం మీద నడిపించారు. ఇప్పుడు ఆ కాగితం కూడా లాక్కుంటారా?"

"లాక్కోరులే, నాలుగో ఏడాదికి గడి గీస్తారు," అన్నారెవరో.

"అక్కా, తమ్ముడు పోయి ఏడాదైనా కాలేదు. అప్పుడే గీత కొట్టేస్తావా?"

ఆ చివరి మాట అన్నది ఒక ఆడమనిషి. బకెట్లో ఒక చుక్క పడింది.

జూరాకాన్ జిల్లాలో చూసింది చెప్పింది. తొందరపడలేదు, ఏమీ దాచలేదు. ఏడో నంబరు, దానిమీద గీత, గీత ఎందుకు కొట్టారో చెప్పింది. "ఆ పేజీ పంపింది నేనే," అంది. "ప్రణాళికలో ఉంచింది కూడా నేనే. అది అక్కడ లేకపోయి ఉంటే రెండేళ్ల కిందటే కట్టేవాళ్లు. మేలు చేస్తున్నాననుకున్నాను."

ఇంతసేపూ ఒముర్జాక్ తాత చేతులు గాల్లోనే ఉన్నాయి. అవి వణకడం మొదలుపెట్టాయి. పక్కాయన ఒక మోచేయి కింద తన చెయ్యి పెట్టి నిలబెట్టాడు.

సైరాగుల్ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

"వదినా, తీసేస్తే వంతెన కడతారా?"

"తెలీదు."

"తీసేయకపోతే?"

"కట్టరు."

"జిల్లావాళ్లని అడగడానికి ఇంకేమైనా చెయ్యాలా?"

"పాతది మూసెయ్యాలి. ఇప్పుడే. ఏరు పొంగకముందే."

కిజిల్-జార్ వాళ్లలో గగ్గోలు పుట్టింది. పిల్లలు బడికెలా రావాలి, పాలు ఎలా తేవాలి, రోగమొస్తే ఎటు పోవాలి అని ఒకరిమీద ఒకరు అరిచారు. "కట్టేదాకా పద్నాలుగు కిలోమీటర్లు మీరు నడుస్తారా?" అని జపార్ కాసిమాలిని నిలదీశాడు. వాళ్లు అరవడం ఆపేదాకా సైరాగుల్ ఆగింది.

"తీసెయ్యండి," అంది. అని చెయ్యెత్తింది.

ఊరివాళ్ల చేతులు తేలిగ్గా లేచాయి. తీసేయడానికి వాళ్లకు అయ్యే ఖర్చేమీ లేదు, పైకప్పు ఎక్కడికీ పోదు. వెనకవైపు మాత్రం ఒక్కొక్కటే లేచింది. జూరాకాన్ లెక్కపెట్టింది. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఇరవై ఆరు మందిలో పదకొండు. జపార్ చెయ్యి ఎత్తలేదు. చేతులు కట్టుకుని ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇక దించనా?" అన్నాడు ఒముర్జాక్ తాత. ఎవరూ నవ్వలేదు. ఎప్పుడూ పంటల్నీ పశువుల్నీ పిల్లల పెళ్లిళ్లనీ పేరుపేరునా దీవించే మనిషి, ఆ రోజు "అందరూ ఇంటికి చేరాలి," అని మాత్రం అన్నాడు. అందరూ అరచేతులు ముఖం మీదుగా దించుకున్నారు.

గుమ్మం దగ్గర సైరాగుల్ బూట్లు తొడుక్కుంటూ కనిపించింది. జూరాకాన్ పక్కన నిలబడింది.

"వదినా, ఆయనకి తెలుసా?"

"ఏది?"

"నువ్వా కాగితం పంపావని."

"లేదు. దానివల్ల ఏమైందో నాకే మొన్న తెలిసింది."

సైరాగుల్ జిప్పు లాగబోయింది. అది మధ్యలో పట్టేసింది. "తెలిసుంటే నవ్వేవాడు," అంది. "నిన్ను ఏడిపించడానికి ఏడాదికి సరిపడా మాట దొరికేది." జిప్పును అలాగే వదిలేసి నిటారుగా నిలబడింది. "నావల్ల కాదు వదినా. నేను నవ్వలేను. నువ్వు కొన్నాళ్లు మా ఇంటికి రాకు."

"సరే."

"మూసే రోజు చెప్పు. అటువైపు నేను చూసుకుంటాను."

ఇరవై ఎనిమిదో తారీఖున జూరాకాన్ ఏటికి వెళ్లింది. కాసిమాలి మనిషినీ పలకల్నీ పంపుతానన్నాడు. పలకలు చాలంది. నీళ్లు ఇంకా తక్కువగానే ఉన్నాయి గానీ రంగు మారింది. బూడిద రంగు తిరిగి, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు మొదలైంది. వంతెన మధ్యలో, విరిగిన పలక ఉన్నచోట, ఎవరో పాత ఇంటి తలుపొకటి పరిచారు. నీలం రంగు తలుపు, గడియతో సహా. పది నెలలుగా జనం దానిమీదుగానే నడుస్తున్నారు.

అవతలి ఒడ్డున సైరాగుల్ అప్పటికే వచ్చి ఉంది. జపార్ కూడా ఉన్నాడు. చెయ్యెత్తని వాడు పలకలు మోసుకొచ్చాడు. బరువు దించి, ఇటువైపు చూడకుండానే గట్టెక్కి వెళ్లిపోయాడు.

ఇద్దరు ఆడవాళ్లూ చెరొక ఒడ్డున పని మొదలుపెట్టారు. జూరాకాన్‌కు మేకులు కొట్టడం అలవాటు లేదు. మొదటి రెండు వంగిపోయాయి. అవతలినుంచి సుత్తి దెబ్బలు, ఏటి హోరులో కలిసి, కొంచెం ఆలస్యంగా వినిపించాయి. అడ్డంగా రెండు పలకలు, ఏటవాలుగా ఒకటి. మధ్యలో కాసిమాలి ఇచ్చిన రేకు: ప్రమాదం, దాటరాదు. అటు సైరాగుల్ తనకు పంపిన రేకును తలకిందులుగా కొట్టి, చూసుకుని, ఊడదీసి మళ్లీ కొట్టింది.

అయ్యాక జూరాకాన్ ఏదో అరిచింది. సైరాగుల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. జూరాకాన్ మళ్లీ అరవలేదు.

ఆమె ఫోను తీసి పైకెత్తింది. ఫొటోలో రెండు అడ్డుకట్టలూ, మధ్యలో వంతెనా స్పష్టంగా కనిపించాలని, మనుషులెవరూ ఉండకూడదని బక్తియార్ రాసి పంపాడు. మనుషులుంటే వాడుకలో ఉన్నట్టు లెక్క.

సైరాగుల్ వెళ్లిపోలేదు. సుత్తి పక్కన పెట్టి, అడ్డుకట్టకు అవతల ఒక రాయి మీద కూర్చుంది. ఏటి దిగువవైపు, అది మలుపు తిరిగే చోటుకేసి చూస్తోంది. తెరమీద పలకల సందుల్లో ఆమె నల్ల రుమాలు కనిపిస్తోంది. ఎడమకు జరిగినా కనిపిస్తోంది.

లేవమని సైగ చేయవచ్చు. జూరాకాన్ చేయలేదు. ఫోను కిందికి దించి, ఇటువైపు గట్టున తనూ కూర్చుని, ఎదురుచూసింది.